దిగి తోసినా... కొండెక్కినట్టే!

దీపం ఆరిపోతే 'కొండెక్కింది' అంటాం. ధరలు మండిపోతే 'కొండెక్కి కూర్చున్నాయి' అంటాం. తెలుగువాడి నోట కొండెక్కడమంటే చేతికి అందకుండా పోవడమే! అలాంటి కొండను సైకిలు మీద ఎక్కుతామని బయల్దేరేవాళ్లను ఏమనాలి? వాళ్లకు దానివల్ల జీతం రాదు. కప్పు గెలుస్తామన్న ఆశ కూడా పెద్దగా ఉండదు. వారమంతా ఉద్యోగమో వ్యాపారమో చూసుకుని, ఆదివారం నాలుగు గంటలకే లేచి, ఇంట్లోవాళ్ల నిద్ర చెడకుండా తలుపు దగ్గరగా వేసి, సైకిలు భుజాన వేసుకుని మెట్లు దిగుతారు. ఎండెక్కే వేళకు ఏదో ఒక ఘాట్‌రోడ్డు మీద రొప్పుతూ కనిపిస్తారు. 'ఎందుకొచ్చిన కష్టం బాబూ' అంటే నవ్వేసి ఊరుకుంటారు.

ఆ నవ్వుకు అర్థం తెలుసుకోవాలంటే ఊటీకో, ఆల్ప్స్ పర్వతాలకో పోనక్కర్లేదు. ముందు పల్నాడు జిల్లాలోని బొల్లాపల్లి దాకా వెళ్తే చాలు.

కళ్లకు కనిపించని ఎత్తు

వినుకొండ నుంచి బొల్లాపల్లికి సుమారు ఇరవై కిలోమీటర్లు. రైలు దిగాలన్నా, పెద్ద సంతకు పోవాలన్నా, ఆసుపత్రికి వెళ్లాలన్నా ఈ చుట్టుపక్కల ఊళ్లకు వినుకొండే దిక్కు. దారి పొడవునా మిరప, పత్తి, కంది చేలు. పడమర వైపు నల్లమల కొండలు నీలంగా, గీత గీసినట్టు కనిపిస్తుంటాయి. మండలంలో తండాలు చాలానే ఉన్నాయి. ఒకప్పుడు సీసం గనులు నడిచిన బండ్లమోటు కూడా ఇటువైపుదే. ఉత్తరానికి పోతే పల్నాటి వీరుల కారంపూడి.

కారులో వెళ్లేవాళ్లకు ఈ నేల చదునుగానే అనిపిస్తుంది. మోటారు సైకిలు మీద వెళ్లేవాళ్లకూ పెద్ద తేడా తెలియదు. సైకిలెక్కితే తెలుస్తుంది అసలు సంగతి! ఎదురుగాలి లేకపోయినా పెడల్ బరువెక్కుతుంది. చక్రంలో గాలి తగ్గిందేమోనని వెనక్కి తిరిగి చూస్తాం. గాలి సరిగానే ఉంటుంది. నేలే మనకు చెప్పకుండా మెల్లగా పైకి లేస్తుంటుంది. ఒక మెరక ఎక్కి హమ్మయ్య అనుకునేలోపు చిన్న పల్లం... ఆ వెంటనే మరో మెరక. 'నీరు పల్లమెరుగు' అన్నారు పెద్దలు. మెరక సంగతి మాత్రం సైకిలుకే తెలుసు.

ఆ మెరకే ఇక్కడి బతుకులను నిర్ణయించింది. 1955లో శంకుస్థాపన జరిగి, 1967లో నీళ్లు వదిలిన నాగార్జునసాగర్ కుడి కాలువ పాత గుంటూరు జిల్లాలో లక్షల ఎకరాలను పచ్చగా మార్చింది. కానీ కాలువ నీళ్లు పల్లానికే పారతాయి కదా! నల్లమల అంచునున్న బొల్లాపల్లి లాంటి మెట్ట మండలాలు కృష్ణమ్మకు పక్కనే ఉన్నట్టున్నా, ఆమె కంటే ఎత్తులో ఉండిపోయాయి. ఇక్కడికి నీళ్లు రావాలంటే కొండెక్కాల్సిందే. అందుకే వరికపూడిశెల వాగు మీద ఎత్తిపోతల పథకం కావాలని ఇక్కడివాళ్లు తరాలుగా అడుగుతూ వచ్చారు. దానికి 2023 నవంబరులో శంకుస్థాపన జరిగింది.

నీళ్లు తమంతట తాము రాని చోట మనుషులే వాటిని మోసుకొస్తారు. మెట్ట ఊళ్లలో సైకిలుకు మొదటి నుంచీ ఉన్న పని అదే. వెనక క్యారియర్‌కు అటో బిందె, ఇటో బిందె. కుదిరితే హ్యాండిల్‌కు మరొకటి. చదునులో తొక్కుతారు. మెరక రాగానే దిగి, ఒక చేత్తో హ్యాండిల్ పట్టి, ఇంకో చేత్తో సీటు పట్టి, ముందుకు వంగి తోస్తారు. దిగినందుకు ఎవరూ సిగ్గుపడరు. నీళ్లు ఇంటికి చేరాయా లేదా అన్నదే లెక్క.

పేరున్న సైకిలు రేసుల పటంలో బొల్లాపల్లి కనిపించదు. అయితేనేం... కొండదారుల్లో పోటీపడే ఔత్సాహికులు వేలు ఖర్చుపెట్టి, ఏళ్ల తరబడి తొక్కి నేర్చుకునే పాఠం ఆ బిందెల సైకిలు దగ్గరే ఉంది!

చేదుకో కోటయ్యా!

పల్నాడులో అసలు సిసలు ఘాట్‌రోడ్డు చూడాలంటే నరసరావుపేట దగ్గరి కోటప్పకొండకు వెళ్లాలి. త్రికూటేశ్వరస్వామి కొలువైన మూడు శిఖరాల కొండ. కాకులు వాలని కొండ అని ఇక్కడివాళ్లు చెప్పుకుంటారు. మహాశివరాత్రికి ఊరూరా కట్టిన ఎత్తయిన ప్రభలు తరలివస్తాయి. మెట్లెక్కే భక్తుల నోట ఒకటే కేక... 'చేదుకో కోటయ్యా, చేదుకో!'

చేదడమంటే తెలుసుగా. బావిలోంచి బొక్కెనతో నీళ్లు తోడటం. 'మేం కింద ఉన్నాం సామీ, నువ్వే పైకి లాక్కో' అని వేడుకోవడమన్నమాట. నీటి కోసం తపించే నేల మీద పుట్టిన మొక్కు అలా కాక ఇంకెలా ఉంటుంది!

ఘాట్‌రోడ్డు మీద సైకిలు తొక్కేవాడికి ఈ మాట విలువ ఇంకా బాగా తెలుస్తుంది. మొదటి మలుపు దాటగానే గుండె చెవుల్లో కొట్టుకుంటుంది. రెండో మలుపులో గేరు మార్చాలనుకుంటే అప్పటికే చిట్టచివరి గేరులో ఉంటాం. అక్కడి నుంచి కోటయ్య చేదుకుంటాడో లేదో కానీ, తనను తానే ఒక్కో పెడలూ చేదుకోవాలి.

ఇంకా ఎక్కాలన్న ఉత్సాహం ఉంటే దోర్నాల నుంచి శ్రీశైలానికి నల్లమల మీదుగా దాదాపు యాభై కిలోమీటర్ల దారి ఉంది. అయితే అది పులుల అభయారణ్యం. రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు దాకా అడవి దారి మూసేస్తారు. తెల్లారాకే మొదలుపెట్టి, చీకటి పడకముందే బయటపడాలి.

ఆరేడు ఇడ్లీల ఎత్తు

చదును రోడ్డు మీద సైకిలుకు అసలు శత్రువు గాలి. అందుకే రేసుల్లో అందరూ గుంపుగా, ఒకరి వెనక ఒకరు నక్కి తొక్కుతారు. ముందువాడు గాలిని చీలుస్తుంటే వెనకవాడికి దాదాపు మూడో వంతు శ్రమ మిగులుతుంది. బలం కాస్త తక్కువున్నా తెలివితో నెట్టుకురావచ్చు.

కొండ దగ్గర ఆ పప్పులు ఉడకవు. వేగం గంటకు ఎనిమిది, పది కిలోమీటర్లకు పడిపోతుంది. ఆ వేగంలో ఎవరి వెనక దాక్కున్నా లాభం లేదు. అక్కడ శత్రువు బరువు. డెబ్బై కిలోల మనిషి, పది కిలోల సైకిలు అనుకుందాం. ఆ ఎనభై కిలోలను 500 మీటర్ల ఎత్తుకు చేర్చాలంటే 150 వాట్ల శక్తితో ముప్పావు గంట పాటు ఆగకుండా తొక్కాలి. అంటే రెండు సీలింగ్ ఫ్యాన్లను కాళ్లతో తిప్పినట్టే! మనం తిన్న తిండిలో నాలుగో వంతు శక్తే పెడల్‌కు చేరుతుంది. మిగతాదంతా వేడిగా, చెమటగా పోతుంది. ఆ లెక్కన ఈ ఎత్తుకు కనీసం నాలుగు వందల కేలరీలు... ఆరేడు ఇడ్లీలు ఖర్చన్నమాట.

ఇక్కడే గేర్ల అవసరం వస్తుంది. మన పాత సైకిళ్లకు గేర్లుండవు. పెడల్ ఒక చుట్టు తిరిగితే వెనక చక్రం రెండు చుట్లకు పైగా తిరుగుతుంది. చదునులో అది వరం, మెరకలో శాపం. కొండల కోసం తయారైన రేసింగ్ సైకిలును చిన్న గేరులో పెడితే పెడల్ ఒక చుట్టుకు చక్రమూ దాదాపు ఒక చుట్టే తిరుగుతుంది. దూరం తక్కువ, భారమూ తక్కువ. నీళ్లబిందెను ఒక్కసారిగా లాగకుండా చేంతాడును జానెడు జానెడు లాగినట్టు!

పల్నాడులో వీటన్నిటికీ తోడు ఎండ. రాష్ట్రంలోకెల్లా ఎక్కువ ఎండ ఎక్కడంటే తరచూ వినిపించే రెంటచింతల ఈ జిల్లాలోదే. కొండెక్కే మనిషి మీదికి గాలి కూడా సరిగా రాదు. గంటకు అర లీటరు నుంచి లీటరు దాకా నీళ్లు, వాటితో పాటు కాస్త ఉప్పు పడకపోతే కండరాలు పట్టేస్తాయి. ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ సీసాలో పోసుకెళ్లేవాడు తెలివైనవాడు.

ఘాట్ల రాజు ఎవరు?

మరి ఔత్సాహికులు పోటీపడేది ఎక్కడ? మన దేశంలో కొండదారి రేసు అనగానే ముందు గుర్తొచ్చేది ముంబయి-పుణె. 1945లో మొదలైంది. మధ్యలో కొన్నేళ్లు ఆగినా పేరు మాత్రం చెక్కుచెదరలేదు. దాదాపు 150 కిలోమీటర్ల దారిలో అసలు పరీక్ష ఖోపోలీ నుంచి ఖండాలా దాకా ఎక్కే బోర్‌ఘాట్. ఎత్తు సుమారు 500 మీటర్లు... పైన చెప్పుకున్న ఇడ్లీల లెక్క సరిగ్గా ఇక్కడికే వర్తిస్తుంది. ఆ ఘాట్ పైకి అందరికంటే ముందు చేరినవారిని మరాఠీలో 'ఘాటాంచా రాజా' అంటారు. ఘాట్లకు రాజు! పుణెలో రేసు ఎవరు గెలిచినా, ఈ బిరుదుకున్న గౌరవం వేరు.

దక్షిణాదిలో 2008లో మొదలైన 'టూర్ ఆఫ్ నీలగిరీస్' ఔత్సాహికుల పండగ. కొన్ని వందల కిలోమీటర్ల యాత్ర అది. దారిలో కొన్ని భాగాలకు మాత్రం గడియారం పెట్టి పోటీ నడుపుతారు. వాటిలో అందరూ భయంగా, భక్తిగా చెప్పుకునేది మసినగుడి నుంచి ఊటీ వైపు వెళ్లే కల్హట్టి ఘాట్. మొత్తం 36 హెయిర్‌పిన్ మలుపులు. ప్రతి మలుపు దగ్గరా అంకె రాసిన బోర్డు ఉంటుంది. వాహనాలు తరచూ అదుపు తప్పే దారి కాబట్టి బయటి బండ్ల మీద ఆంక్షలు పెట్టేంత నిటారు.

ఇలాంటి ఘాట్‌లో మొదటిసారి పోటీపడే ఔత్సాహికుడికి దాదాపు ఒకే కథ జరుగుతుంది. కింద గుంపుగా బయల్దేరతారు. చప్పట్లు, ఈలలు, కెమెరాలు. ఆ ఊపులో ముందున్నవాళ్ల వెంట పడతాడు. రెండు కిలోమీటర్లు బాగానే ఉంటుంది. మూడో కిలోమీటరుకు కాళ్లలో మంట మొదలవుతుంది. ఊపిరి అందదు. ఒకరి తర్వాత ఒకరు దాటిపోతుంటారు. వాళ్లలో తన తండ్రి వయసువాళ్లు ఉంటారు, తన కూతురి వయసు పిల్లలూ ఉంటారు. మలుపు బోర్డు చూస్తే ఇంకా ఇరవైకి పైనే మిగిలి ఉంటాయి. అప్పుడు మొదలవుతుంది మనసులో రేసు. 'కాలు కింద పెడితే ఏమవుతుంది? ఎవరు చూడొచ్చారు?'

ఒకటి రెండు కొండలు తిన్న దెబ్బతో తెలివి వస్తుంది. రెండోసారి మొదట్లోనే వెనకబడతాడు... కావాలనే! పక్కవాళ్లతో రెండు ముక్కలు మాట్లాడగలిగేంత నిదానంగా తొక్కుతాడు. మిగిలిన మలుపులన్నీ లెక్కపెట్టడు. వచ్చే మలుపు దాకా ఎక్కితే చాలనుకుంటాడు. మలుపులో లోపలి అంచు నిటారుగా ఉంటుందని, బయటి అంచు కాస్త వాలుగా ఉండి ఊపిరి తీసుకోనిస్తుందని గమనిస్తాడు. ఎదురుగా వాహనాలు లేవని చూసుకుని ఆ అంచు పట్టుకుంటాడు. సగం దాటాక, కింద తనను దాటిపోయినవాళ్లు ఒక్కొక్కరే కనిపిస్తారు. కొందరు రోడ్డు పక్క రాయి మీద కూలబడి ఉంటారు. కొండ మీద గెలిచేది వేగం కాదు, తన కొలత తనకు తెలిసినతనం!

నడిచి గెలిచిన విజేత

కొండ మీద దిగడం ఓటమేనా? ఈ ప్రశ్నకు జవాబు నూరేళ్ల కిందటే దొరికింది. ప్రపంచంలోనే పేరుమోసిన సైకిలు రేసు 'టూర్ ద ఫ్రాన్స్' 1903లో మొదలైంది. 1910లో తొలిసారి నిర్వాహకులు దాన్ని పిరనీస్ పర్వతాల మీదికి మళ్లించారు. 2,115 మీటర్ల ఎత్తున్న తూర్మలే కనుమ, దాని తర్వాత ఒబిస్క్. అప్పటికి అవి మట్టి, రాళ్ల బండిబాటలు. ఆ ఒక్కరోజు దూరమే 326 కిలోమీటర్లు.

తూర్మలేను సైకిలు దిగకుండా ఎక్కినవాడు ఒక్కడే... గుస్తావ్ గారిగూ. అందుకు ఆయనకు 100 ఫ్రాంకుల బహుమతి దక్కింది. ఆక్టేవ్ లపీజ్ అలా కాదు. నిటారు చోట్ల దిగి తోసుకుంటూ నడిచాడు, మళ్లీ ఎక్కి తొక్కాడు. ఒబిస్క్ దగ్గర నిర్వాహకుల మీద 'మీరు హంతకులు' అని మండిపడ్డాడని సైకిలు ప్రపంచం ఇప్పటికీ కథలుగా చెప్పుకుంటుంది. తిట్టాడు కానీ, సైకిలు మాత్రం వదల్లేదు. ఆ రోజు పందెం ఆయనదే. ఆ ఏడాది టూర్ కూడా ఆయనదే! దిగనివాడికి వంద ఫ్రాంకులు, దిగి తోసినవాడికి కిరీటం.

మూడేళ్ల తర్వాత, 1913లో, అదే తూర్మలే మీద యూజీన్ క్రిస్తోఫ్ సైకిలు ముందు ఫోర్కు విరిగిపోయింది. రేసు నిబంధన ప్రకారం ఎవరి సాయమూ తీసుకోకూడదు. సైకిలు భుజాన వేసుకుని పదికి పైగా కిలోమీటర్లు కొండ దిగి, సెయింట్ మరీ ద కంపాన్ అనే ఊళ్లో కమ్మరి కొలిమి వెతుక్కున్నాడు. గంటల తరబడి తానే ఇనుము కాల్చి, సాగగొట్టి ఫోర్కు అతికాడు. పక్కనే అధికారులు కాపలా. రెండు చేతులూ పనిలో ఉండటంతో అక్కడున్న కుర్రాడు కొలిమితిత్తి ఊదాడు. అంతే... సాయం తీసుకున్నావంటూ శిక్షగా సమయం కలిపారు! గెలుపు చేజారింది. అయినా క్రిస్తోఫ్ రేసు వదల్లేదు, చివరిదాకా తొక్కాడు. ఆ ఏడాది గెలిచింది ఎవరో చాలామందికి గుర్తుండదు. కొలిమి దగ్గర సుత్తి పట్టిన క్రిస్తోఫ్‌ను మాత్రం ఎవరూ మరచిపోలేదు. అన్నట్టు, ఇప్పుడు మనం మామూలుగా వాడే గేర్లు మార్చే ఏర్పాటును ఆ రేసులో అనుమతించింది 1937లోనే.

చీపురు బండి వస్తోంది!

ఆ పర్వతాలను మామూలు మనుషులకూ తెరిచారు. 1993 నుంచి ఏటా 'ఎతాప్ ద్యు టూర్' పేరుతో, మేటి రైడర్లు తొక్కే ఒక కొండదారిని ఒకరోజు ఔత్సాహికులకు వదిలేస్తున్నారు. వాహనాలు ఆపేస్తారు. బ్యాంకు ఉద్యోగులు, పంతుళ్లు, రైతులు, అమ్మమ్మలు, తాతయ్యలు వేల సంఖ్యలో బయల్దేరతారు. అందరి వెనకా ఒక బండి మెల్లగా వస్తుంటుంది. దాని పేరు 'చీపురు బండి'. టూర్‌లో ఇలాంటి బండికి పూర్వం నిజంగానే చీపురు కట్టేవారు. నిర్ణీత సమయానికి చేరలేని వాళ్లను ఊడ్చుకుంటూ వస్తుందన్నమాట.

ముందున్నవాడికి కప్పు భయం, వెనకున్నవాడికి చీపురు భయం! ఔత్సాహికుల్లో ఎక్కువమంది అసలు పోటీ ఆ బండితోనే. గెలుపంటే అది తనను తాకకముందే పైకి చేరడం.

చీపురు తగిలినా కథ ముగిసిపోదు. సైన్యంలో డాక్టరుగా పనిచేసిన లెఫ్టినెంట్ కల్నల్ శ్రీనివాస్ గోకుల్‌నాథ్ అనుభవమే అందుకు సాక్ష్యం. అమెరికాను పడమటి తీరం నుంచి తూర్పు తీరం దాకా దాటే 'రేస్ అక్రాస్ అమెరికా'లో దాదాపు 4,900 కిలోమీటర్లు తొక్కాలి. ఎడారి వేడి దాటాక రాకీ పర్వతాల్లో మూడు వేల మీటర్లకు పైన ఉన్న కనుమ ఎక్కాలి. ఒంటరిగా తొక్కేవారికి పన్నెండు రోజుల గడువు. రోజుకు రెండు మూడు గంటలు నిద్రపోతే గొప్ప. మన దేశం నుంచి నాసిక్ డాక్టర్లు, అన్నదమ్ములు హితేంద్ర, మహేంద్ర మహాజన్ 2015లో ఇద్దరి జట్టుగా దీన్ని పూర్తిచేశారు. మరుసటి ఏడాది గోకుల్‌నాథ్ ఒంటరిగా బయల్దేరారు. పూర్తిచేయలేకపోయారు, మధ్యలోనే ఆగిపోయారు. ఖర్చు, సెలవులు, శ్రమ అన్నీ అంతే అనుకుని ఊరుకోవచ్చు. కానీ 2017లో మళ్లీ అదే తీరం నుంచి మొదలుపెట్టారు. ఈసారి గడువులోపే, పన్నెండో రోజున చేరారు. ఒంటరిగా ఆ రేసు పూర్తిచేసిన తొలి భారతీయుడయ్యారు. ఆయన వెనకే, కొన్ని గంటల తేడాతో, నాగపూర్ డాక్టరు అమిత్ సమర్థ్ కూడా పూర్తిచేశారు.

వైద్యం వాళ్ల వృత్తి. సైకిలు వాళ్ల ఇష్టం. 2016లో దిగినవాడు 2017లో ఎక్కాడు. అది కూడా దిగి తోయడమే. కాకపోతే ఏడాది పాటు తోశారు!

చిన్న మెరకలూ కలిస్తే కొండే

'అంత పెద్ద రేసులు మనకెందుకులే' అనుకునేవాళ్ల కోసం బ్రెవేలు ఉన్నాయి. మన దేశంలోనూ చాలా నగరాల్లో సైక్లింగ్ బృందాలు వీటిని నడుపుతున్నాయి. 200 కిలోమీటర్లకు పదమూడున్నర గంటలు, 300కు ఇరవై, 400కు ఇరవై ఏడు, 600కు నలభై గంటలు గడువు. ర్యాంకులుండవు. మొదట వచ్చినవారికీ, గడువుకు నిమిషం ముందు వచ్చినవారికీ ఒకటే గుర్తింపు.

వీటికి తల్లిలాంటిది 1891లో రేసుగా మొదలైన పారిస్-బ్రెస్ట్-పారిస్. ఇప్పుడు నాలుగేళ్లకోసారి జరుగుతోంది. 2023లో జరిగింది, మళ్లీ రావాల్సింది 2027లో. 1,200 కిలోమీటర్లకు పైగా దూరం, గరిష్ఠ గడువు 90 గంటలు. విచిత్రమేమిటంటే ఆ దారిలో చెప్పుకోదగ్గ పర్వతం ఒక్కటీ లేదు. అన్నీ చిన్న చిన్న మెరకలు, పల్లాలే. కానీ ఎక్కిన మెరకలన్నీ కూడితే పదకొండు వేల మీటర్లు దాటుతుంది. ఎవరెస్టు ఎత్తు 8,848 మీటర్లే!

ఇప్పుడు మళ్లీ వినుకొండ-బొల్లాపల్లి దారి గుర్తుచేసుకోండి. కారులోంచి చదునుగా కనిపించిన ఆ నేల మీద పదిసార్లు వెళ్లొచ్చినవాడు తెలియకుండానే ఒక కొండ ఎక్కేసి ఉంటాడు.

దిగేటప్పుడే జాగ్రత్త

కొండెక్కడం కష్టం, దిగడం ప్రమాదం. పైకి ముప్పావు గంట పట్టిన దారి కిందికి పది, పదిహేను నిమిషాల్లో అయిపోతుంది. ఆ సంబరంలోనే దెబ్బలు తగులుతాయి. 1995 టూర్‌లో ఒలింపిక్ విజేత ఫాబియో కసార్తెల్లి ఒక కనుమ దిగుతూ పడి చనిపోయారు. 2003లో మరో రేసులో ఆంద్రే కివిలెవ్ మరణించాక, అదే ఏడాది మేటి రేసుల్లో హెల్మెట్ తప్పనిసరి చేశారు. ప్రపంచ స్థాయి రైడర్లకే తప్పనిది మనకెందుకు తప్పుతుంది?

అనుభవం ఉన్నవాళ్లు చెప్పే జాగ్రత్తలు నాలుగే. మలుపులోకి వెళ్లాక కాదు, వెళ్లకముందే వేగం తగ్గించాలి. రెండు బ్రేకులూ కలిపి, వదిలి వదిలి పట్టాలి. చూపు గోతి మీద కాదు, మలుపు అవతల వెళ్లాల్సిన చోట ఉండాలి. బయల్దేరే ముందు బ్రేకు గట్టిగా పట్టి సైకిలును ముందుకు తోసి చూడాలి. రేసులో దారి మూసి ఉంటుంది. మామూలు రోజుల్లో మలుపు అవతలి నుంచి లారీ రావచ్చు.

బడి సైకిళ్లు

బొల్లాపల్లి దారిలో ఉదయం పూట ఒక మెరక దగ్గర నిలబడితే చాలు, సైకిలు కథంతా కళ్లముందే సాగుతుంది. ఒకప్పుడు ఇలాంటి ఊళ్లలో సైకిలు మగపిల్లల సొత్తు. అద్దె సైకిలు తెచ్చుకుని, సీటు అందక కడ్డీ కింది నుంచి కాలు దూర్చి, మోకాళ్లు చెక్కుకుపోయేలా నేర్చుకునేవారు. ఆడపిల్లలు వెనక క్యారియర్ మీద కూర్చోవడమే. హైస్కూలు దూరమని బడి మానేసిన అమ్మాయిలు ఎందరో. 2016-17 ప్రాంతంలో 'బడికొస్తా' పేరుతో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం హైస్కూలు అమ్మాయిలకు సైకిళ్లిచ్చింది. పల్లెదారుల మీద జడలు ఊపుకుంటూ సైకిళ్ల మీద బడికి పోయే బారులు కనిపించాయి.

అటు ఫ్రాన్స్‌లో 2022 నుంచి మహిళల టూర్ కొత్తగా మొదలైంది. 2023 జులైలో మహిళలు అదే తూర్మలే కనుమను ఎక్కారు. లపీజ్ దిగి తోసుకుంటూ నడిచిన కొండను నూట పదమూడేళ్ల తర్వాత వాళ్లు పొగమంచులో తొక్కుకుంటూ దాటారు.

మెరక దగ్గర బడిపిల్ల సైకిలు దిగుతుంది. వెనక స్నేహితురాలు, ముందు బుట్టలో పుస్తకాలు. ఇద్దరూ చెరో పక్క చెయ్యేసి, కబుర్లు చెప్పుకుంటూ తోస్తారు. పైకి రాగానే మళ్లీ డబుల్స్. గంట కొట్టేలోపు బడిలో ఉండాలి. గడువు అదే, చీపురు బండీ అదే! ఎవరూ చప్పట్లు కొట్టరు, ఎవరూ గడియారం పట్టుకుని నిలబడరు.

కోటయ్య చేదుకున్నా, తమను తామే చేదుకున్నా... పైకైతే చేరుతున్నారు.